రెండు సెకన్లు వెనక

ఫిన్లాండ్‌లో ఔలు పట్టణం, ఆస్పత్రి నేలమాళిగ.
జూన్‌లో ఇక్కడ పొద్దు చూసి వేళ చెప్పలేం.
నడిరాత్రి కూడా కిటికీ అంచున
మజ్జిగ రంగు వెలుతురు ఆరేసినట్టుంటుంది.
అందుకే అందరం యంత్రాన్ని అడుగుతాం.
యంత్రం ఎవరిని అడుగుతుందో అడగం.

నాలుగో అంతస్తు నర్సు హిల్కా మీద కాగితం వచ్చింది.
రక్తపరీక్ష ఫలితం వచ్చింది రెండూ పదకొండుకి,
ఆమె మందిచ్చినట్టు నమోదైంది రెండూ ఆరుకి.
చూడకుండానే ఇచ్చావన్నారు.
ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో మొదటి కాగితం.
ఆమె ఏడవలేదు, అరవలేదు.
జేబు మీద తలకిందులుగా వేలాడే చిన్న గడియారాన్ని
రెండు వేళ్లతో ఎత్తి
"రెండూ పదిహేడు" అంది. అంతే.

ఆ గడియారం అబద్ధమని తేల్చడమే నా పని.
అలా అని ఎవరూ అనలేదు,
అందరూ అలాగే అనుకున్నారు, నాతో సహా.

లాగ్‌లు విప్పాను.
మందుల లెక్క రాసే వర్చువల్ మెషీన్
ఇల్లు లేని చుట్టం.
సొంత గుండె లేదు దానికి.
ఆశ్రయమిచ్చిన ఇంటి చప్పుళ్లు లెక్కబెట్టి
ఇంత వేళైందని అనుకుంటుంది.
ఆ లెక్కకి నేను ఎంచిన కౌంటర్ మహా చురుకు,
అడిగిందే తడవు జవాబు.
గబగబా చెప్పేవాడు నిజమే చెప్తాడనుకునే
వయసు కాదు నాది,
అయినా ఎంచాను.

ఆ రాత్రి ఒంటిగంటా నలభైకి
మరమ్మతు పేరు చెప్పి దాన్ని నిద్రపుచ్చి
ఇంకో సర్వర్‌కి మోసుకెళ్లాం.
పదకొండు నిమిషాలు.
లేచి కళ్లు నులుముకోలేదు,
ఎంతసేపైందని అడగలేదు,
ఆపిన అక్షరం దగ్గరే మళ్లీ అందుకుంది.
నిమిషమంటే మొదట్లో రెప్పపాటనే అర్థం.
దానికి పదకొండూ కలిపి ఒకే రెప్ప.

బయట వేళ కనుక్కోమని ఇద్దరిని పెట్టాం కదా, ఏమైంది?
ఒకడు నిజంగా బయటివాడు.
రెండోవాడు అదే గదిలో, అదే రాత్రి
పక్కనే నిద్రపోయిన తోటి చుట్టం.
ఇద్దరూ చెరో మాట చెప్పారు.
ఎవరిని నమ్మాలో తెలియక
అది ఇద్దరినీ నమ్మడం మానేసి
తన లెక్క తాను రాసుకుంది,
తడబడని చేతిరాతతో.

డ్యూటీ మారే వేళకి పైకి వెళ్లాను.
"మీ గడియారం ఎంత సరైనది?"
"రెండు సెకన్లు వెనక."
"ఎలా తెలుసు?"
"రోజూ ఏడింటికి రేడియో బీప్‌లతో సరిచూస్తా,
ఆదివారం తిప్పుతా.
వేసవిలో కాస్త మందగిస్తుంది, నాలాగే."

కిందికి దిగుతూ మెట్ల మీద ఆగిపోయాను.
నా పదిహేడు సర్వర్లలో ఒక్కటీ
ఎన్నడూ నాతో అనలేదు
నేనింత తప్పని.

ఆ సాయంత్రం కౌంటర్‌ని పక్కన పెట్టాను.
ఇంటి యజమాని చెవిలో చెప్పే వేళ వినమన్నాను.
ఇంటి బయట, ఊరి బయట నలుగురిని కుదిర్చాను.
నలుగురెందుకన్నాడు పక్క కుర్చీ ఓస్మో.
ఇద్దరైతే తగువు,
ముగ్గురైతే పంచాయితీ,
ముగ్గురిలో ఒకడు కునుకు తీస్తే మళ్లీ తగువే.
నలుగురి మాట వినమని ఊరికే అన్నారా అన్నాను,
అది ఫిన్నిష్‌లో సరిగా పలకలేదు.
చివరి వరుసలో ఇలా రాశాను:
నిద్ర లేచాక ముందు అడుగు,
తర్వాతే కలం పట్టు.

పాత నమోదు మాత్రం చెరపకూడదు, చట్టం.
రెండూ ఆరు అక్కడే ఉంటుంది,
ఆమె ఉద్యోగం విరమించాక కూడా, నేను పోయాక కూడా.
దాని కింద వివరణ ఒకటి అతికించాను:
వర్చువల్ మెషీన్ పదకొండు నిమిషాలు వెనకబడింది,
నర్సు చెప్పిన వేళే నిజం.

హిల్కా కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా చదివింది.
థాంక్స్ చెప్పలేదు.
తెర మీద చివరి మాట దగ్గర వేలు ఆనించి
"రెండు సెకన్లు" అంది,
"అది కూడా రాయి."